దీపం వేళ పీకేసిన వైరు

మైదుకూరులో మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు మొదట పెట్టించుకున్నది మేమే. మా ఆయనకు ఎరువుల దుకాణం. ధరలు నెట్‌లో చూసుకోవచ్చని ఎవరో చెబితే పెట్టించారు గానీ, ఆయన ఇంటికి వచ్చేదే అన్నం వేళకు. కంప్యూటర్ ముందు కూర్చునేది నేను. పెళ్లికి ముందు కడపలో కంప్యూటర్ కోర్సు ఒకటి చదివాను. ఆ చదువు దేనికీ అక్కరకు రాలేదన్న ఉక్రోషం నాలో అప్పటికి ఇంకా చల్లారలేదు.

పక్కింటామె నాకంటే కొంచెం చిన్న. మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. భర్తకు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. ఆమె ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, సర్కారు ఉద్యోగం కోసం చదువుకునేది. వాళ్లాయన తెచ్చిన పాత కంప్యూటర్ ఒకటి ఉంది, నెట్ లేదు. ఉన్న కనెక్షన్‌నే రెండిళ్లకు పంచవచ్చని చెబితే ముందు నమ్మలేదు. కడప నుంచి రూటర్ తెప్పించాను. వైరు ఎంత పొడవు కావాలో చూడటానికి ఆమె టేపు వెతకలేదు, చీర ఒకటి తెచ్చి మిద్దె మీద పరిచి కొలిచేసింది. పిట్టగోడ మీదుగా వైరు లాగి, పాత చీర అంచులతో కట్టాం. ఆమె కంప్యూటర్ మిషన్‌లో నెట్‌కు కావాల్సిన అంకెలన్నీ సరిచేసేసరికి ఒక పూట గడిచిపోయింది. మొదటి పేజీ తెరుచుకోగానే ఇద్దరం కోట గెలిచినట్టు నవ్వుకున్నాం. నా చదువు పనికొచ్చిన రోజు అదొక్కటే.

ఆ వారమే, శుక్రవారం సాయంత్రం, నెట్ రావడం లేదని ఆమె గోడ మీద నుంచి పిలిచింది. లోపలికి వెళ్లి చూస్తే రూటర్ నుంచి వాళ్ల వైరు పీకేసి, చక్కగా చుట్టి పక్కన పెట్టి ఉంది. పీకింది మా అత్త.

మాది కోమట్ల ఇల్లు. శుక్రవారం దీపం పెట్టాక ఉప్పు, పెరుగు, సూది, డబ్బు, ఏదీ గడప దాటకూడదు. అడిగినవాళ్లను రేపు రమ్మంటారు. ఇది ఉప్పూ కాదు పెరుగూ కాదు కదా అని నేను వాదించాను. అత్త తొణకలేదు.

"మన ఇంట్లోంచి ఆయమ్మ ఇంట్లోకి పోతాండాదని నువ్వే గదా చెప్పితివి. దీపం పెట్టినాక ఏదీ పోగూడదు. రేపు పొద్దున నేనే పెడతా."

అన్నట్టే పొద్దున్నే తనే పెట్టేది. ఏ రంధ్రంలో పెట్టాలో మరచిపోకుండా దాని పక్కన కుంకుమ బొట్టు కూడా పెట్టుకుంది. నేను ఈ సంగతి పక్కింట్లో నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. వాళ్లమ్మ కూడా శుక్రవారం దారప్పోగు బయటికి ఇవ్వదట. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో దీపం వెలిగేలోపే తన కంప్యూటర్ కట్టేసేది. అంత బుద్ధిగా ఉంటే నాకు ముచ్చటేసేది కూడా.

మరుసటి ఏడాది ఆమె ఎదురుచూస్తున్న ఉద్యోగానికి ప్రకటన వచ్చింది. దరఖాస్తు నెట్‌లోనే పెట్టాలి. వయసు ప్రకారం ఆమెకు అదే చివరి అవకాశం. ఆ మాట ఇద్దరమూ చాలాసార్లు అనుకున్నాం. కుల ధ్రువపత్రం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, అది చేతికొచ్చేసరికి గడువు ఒక్క రోజు మిగిలింది. ఆ రోజు శుక్రవారం.

పొద్దున్నుంచి కరెంటు లేదు. ఎండాకాలం మా ఊళ్లో అది వింతేమీ కాదు. పొద్దు గుంకే వేళకు వచ్చింది. కరెంటుతో పాటే అత్త దీపం పెట్టింది, ఎప్పటిలాగే వైరు పీకింది. ఆమె దేవుడి గదిలోకి పోగానే నేను వెళ్లి వైరు మళ్లీ పెట్టేశాను. గోడ దగ్గరికి వెళ్లి పిలిస్తే అత్తకు వినబడుతుంది. మిషన్ పెడితే నెట్ ఉన్న సంగతి పక్కింటామెకు తనకే తెలుస్తుందిలే అనుకున్నాను. చేసిన పనికి నాలో నేను మురిసిపోతూ పొయ్యి దగ్గరికి వెళ్లాను.

మర్నాడు పొద్దున ఆమె మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. పని అయిందా అని అడిగాను. రాత్రి బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు పోయిందట. ఊరంతా అక్కడే ఉందట. తన వంతు రాకుండానే వాళ్లు మూసేశారట. ఇదంతా తడి చీర విదిలిస్తూనే చెప్పింది.

"నేను వైరు పెట్టే ఉంచినా గదమ్మా."

"నాకేం తెలుసక్కా? శుక్రవారం గదా అని మిషన్ ముట్టనే లేదు. దీపం పెట్టినాక మీ ఇంట్లోది యాడ అడిగేది?"

కిందికి వచ్చి అత్తతో గొడవ పెట్టుకున్నాను. మీ పట్టింపు వల్లే ఒక ఆడదాని బతుకు పోయిందని గట్టిగానే అన్నాను. ఆమె నాకేసి తెల్లబోయి చూసింది.

"ఉద్యోగం పనని ఒక మాట చెప్పింటే నేనే పెట్టింటి గదమ్మా. అంత రాతిగుండా నాది?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే అత్త కూడా పెట్టేదే. ఆమె ఆచారాన్ని ఆమె కంటే గట్టిగా పాటించింది మేమిద్దరం. నేను భయపడి, పక్కింటామె మర్యాదకు పోయి. గోడ మీద నుంచి ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. ఆ కేక ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

ఆ తర్వాత అత్త శుక్రవారం వైరు ముట్టుకోవడం మానేసింది. దీపం పెట్టి, రూటర్ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను మిద్దెక్కి, గోడ మీద నుంచి వీధంతా వినబడేలా పిలిచి చెప్పేదాన్ని, నెట్ ఉందని, మిషన్ పెట్టుకోమని.

"ఇప్పుడేం పని ఉండాదిలేక్కా," అనేది ఆమె.