ఎడమ గొట్టం

క్లెమెంట్ హాడ్లీ పాత జంట గొట్టాల తుపాకులకు వైద్యుడు. పదిహేనో ఏట బర్మింగ్‌హామ్‌లో పనిలో చేరి, ముప్పై దాటాక లడ్లో ఊరి చివర సొంత షెడ్డు వేసుకున్నాడు. ఎవరి తాతలనాటి తుపాకి వచ్చినా ముందు గొట్టాలు విడదీసి, వేలికి వేలాడదీసి, గోటితో మీటి వినేవాడు. గంటలా మోగితే అతుకులు గట్టివన్నమాట. బొంగురుగా పలికితే తెచ్చినవాడికి నాలుగు చీవాట్లు పడేవి.

నోరు దురుసే గానీ చేతికి మహా ఓపిక. తుపాకి కర్రకు నూనె పట్టించడానికే ఆరు వారాలు తీసుకునేవాడు. ఎందుకింత ఆలస్యమంటే, రంగు డబ్బా కొనుక్కుని మీరే పూసుకోండి అనేవాడు.

అతని ప్రాణస్నేహితుడు ఓస్బర్ట్ ప్యూ, గొర్రెల రైతు. చలికాలం శనివారాల్లో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఫెజెంట్ పిట్టలను కొట్టేవాళ్లు. పోయిన వేసవిలో ఓస్బర్ట్ కన్నుమూశాడు. నవంబరులో అతని కూతురు హెస్టర్ తండ్రి తుపాకి పట్టుకొచ్చింది. శనివారం నాన్న నిలబడే చోట దీనితోనే నిలబడతాను, ఒకసారి చూసిపెట్టమంది.

క్లెమెంట్ కొలిచి చూశాడు. కుడి గొట్టం బాగుంది. ఎడమ గొట్టం మాత్రం, సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోట, పోస్టుకార్డు కంటే కాస్త మందం, అంతే. ఆ పని ఎవరిదో అతనికి బాగా తెలుసు. పాతికేళ్ల కిందట లోపల తుప్పు గుంటలు పడితే, వెలుగుకెత్తి చూసినప్పుడు స్నేహితుడికి అద్దంలా కనబడాలని, గుంటలన్నీ పోయేదాకా తనే అరగదీశాడు. అంత అరగదీశాక గొట్టాలను పరీక్షకు బర్మింగ్‌హామ్ పంపాలి. అక్కడ మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేలుస్తారు. తట్టుకుంటే ముద్ర వేస్తారు, లేకపోతే చీలిపోతాయి. చీలిపోతాయన్న భయంతోనే పంపలేదు. చేతిపని మీద ప్రేమ ముదిరినవాళ్లు చేసే తప్పే ఇది. తుపాకి మీద జాలిపడి, దాన్ని పట్టుకునే మనిషిని మరిచిపోయాడు.

తుప్పు తినేసిందమ్మా అంటే సరిపోయేది. హెస్టర్‌కు ఎప్పటికీ తెలిసేది కాదు. క్లెమెంట్ కాసేపు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నా పాపమేనమ్మా," అన్నాడు చివరికి. "నేనే పల్చన చేశా. పరీక్షకి పంపలేదు."

ఆమె ఆశ్చర్యపోలేదు. "నాన్నకి తెలుసు, క్లెమ్ అంకుల్. పదేళ్ల కిందట వేరే ఊళ్లో కొలిపించాడు. అంతకుముందు పదిహేనేళ్లు తెలియకే పేల్చాడు. అప్పట్నుంచీ ఎడమ గొట్టంలో తూటానే పెట్టలేదు."

పదేళ్లు. ఆ పదేళ్లూ రెండో దెబ్బ వెయ్యడం చేతకాని ముసలాడని ఓస్బర్ట్‌ను అందరి ముందూ ఏడిపించింది క్లెమెంటే. ఓస్బర్ట్ నవ్వి ఊరుకునేవాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు వాడు?"

"చెబితే మీరు మళ్లీ ఆకురాయి ముట్టరని. వాడికి ఆ పని తప్ప ఇంకేముందే అన్నాడు."

ఓస్బర్ట్ తిట్టి ఉంటే బాగుండేది. డెబ్బై నాలుగేళ్ల క్లెమెంట్ పనిబల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. హెస్టర్ అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

నేనూ నాన్నలాగే కుడి గొట్టమే పేలుస్తానందామె తర్వాత. పొరపాటున ఎడమదాంట్లో తూటా పడితేనో అని అతను ససేమిరా అన్నాడు. శనివారానికి తన తుపాకే ఆమె చేతిలో పెట్టి, ఆమె ఒప్పుకున్నాక, ఆనాడు ఎగ్గొట్టిన పరీక్షకు ఓస్బర్ట్ తుపాకి గొట్టాలను తనే బర్మింగ్‌హామ్ తీసుకెళ్లాడు.

ఎడమ గొట్టం పేలిపోయింది. జానెడు పొడవున చీలి తిరిగొచ్చింది. హెస్టర్ దాన్ని అతని దగ్గరే ఉంచుకోమంది. ఇప్పుడు ఎవరైనా గొట్టం లోపల అద్దంలా మెరిపించమంటే క్లెమెంట్ వాదించడు. వాళ్ల ఎడమచేతిని పట్టుకుని ఆ చీలిక మీద ఉంచుతాడు.

"పదిహేనేళ్లు ఇక్కడ నా స్నేహితుడి చెయ్యి ఉంది," అంటాడు.