తవుడుకు కొన్న తమ్ముడు

నా చిన్నప్పుడు, నా నోటి వల్ల మా తమ్ముడు చచ్చిపోతాడని రెండు రోజులు వణికిపోయాను. ఈ సంగతి మా అమ్మకు చెప్పలేదు. అన్నేళ్ళు కాపురం చేసిన మా ఆయనకూ చెప్పలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇక ఎప్పుడు చెబుతాను. నాకు రాత సంతకం దాకానే, అందుకని నోటికి వచ్చింది వచ్చినట్టు చెబుతున్నాను.

కంకిపాడుకు రెండు మైళ్ళ దూరంలో మా ఊరు. మాది మగ్గాల వీధి. మా నాన్న చీరలు నేసి, నెలకోసారి మూటకట్టుకుని బెజవాడ వన్ టౌన్‌లో షావుకారు కొట్టుకి వేసి వచ్చేవాడు. నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఇద్దరూ నెల దాటలేదు. మొదటివాడికి పుట్టిన రెండో రోజునే నాన్న ముచ్చటపడి రాజా అని పేరు పెట్టుకున్నాడు. రెండోవాణ్ణి అమ్మ బంగారూ బంగారూ అని పిలుచుకునేది. ఆ పిలుపులే ఆ పిల్లల్ని తీసుకుపోయాయని మా నాయనమ్మ అనేది. మంచి పేరు వినబడితే మృత్యువుకి ఇల్లు తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాయనమ్మ నమ్మిందల్లా నేనూ నమ్మేదాన్ని.

మూడోసారీ మగపిల్లాడే. మూడో రోజు పొద్దున నాయనమ్మ వాణ్ణి పాత గుడ్డలో చుట్టి పక్కింటి పెద్దమ్మకు అమ్మేసింది. నిజంగానే అమ్మేసింది. పెద్దమ్మ అంటే మాకు చుట్టమేమీ కాదు, గేదెల్ని పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసే మనిషి. ఆవిడకి ఐదుగురు పిల్లలు, ఐదుగురూ నిక్షేపంగా ఉన్నారు. అందుకే ఆవిణ్ణి ఎంచుకున్నారు. ఆవిడ చేటెడు తవుడు తెచ్చి మా గడపలో పెట్టింది. నాయనమ్మ పిల్లాణ్ణి ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ వాణ్ణి తన ఇంటికి ఎత్తుకుపోయి, కాసేపటికి మళ్ళీ తెచ్చి, “ఇదిగో అమ్మాయ్, నా కొడుకు. కాస్త పాలిచ్చి పెంచిపెట్టు” అని అమ్మ పక్కన పడుకోబెట్టింది. అప్పట్నుంచి చూడ్డానికి ఎవరొచ్చినా అమ్మ, “మావాడు కాదండీ, పక్కింటివాళ్ళ పిల్లాడు” అనేది. అంటూనే చీర చాటున వాడి పాదాలు నిమురుతూ ఉండేది.

కొన్నవాళ్ళే పేరు పెట్టాలి. ఇరవై ఒకటో రోజు బారసాలలో తవుడయ్య అని పిలుస్తానని పెద్దమ్మ ముందే చెప్పేసింది. పుల్లయ్యలూ పిచ్చయ్యలూ మా వీధిలో చాలామందే ఉండేవారు, ఆ పేర్లు విని ఎవరూ నవ్వరు. తవుడయ్య అన్నవాడు మాత్రం ఆ చుట్టుపక్కల లేడు. మాట బయటికి పొక్కగానే వీధి పిల్లలు నా వెంట పడ్డారు. “ఏమే, మీ తమ్ముణ్ణి లోపల దాచండే, గేదె వస్తోంది, నాకేస్తది” అని ఒకడు. “కుడితిలో కలిపెయ్యండ్రా” అని ఇంకొకడు. నేను రాయి విసిరాను, తగల్లేదు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఉయ్యాలలో ఉండగానే ఇలా ఉంటే, వాడు నడిచి వీధిలోకి పోయినప్పుడు ఎలా? బడికి పోతే ఎలా? ఈ పేరుగలవాడికి పిల్లనెవరిస్తారు? ఎనిమిదేళ్ళ పిల్లని, తమ్ముడి పెళ్ళి దాకా బెంగపెట్టుకున్నాను.

షావుకారు గారి కొడుకు పేరు మోహనరావు అని నాన్న ఎప్పుడో చెప్పగా విన్నాను. చెవికి ఎంత బాగుందో ఆ పేరు. ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే ఉయ్యాల మీదికి వంగి, వాడి కుడిచెవిలో మోహనరావు, మోహనరావు, మోహనరావు అని మూడుసార్లు చెప్పాను. ఊరంతా తవుడయ్య అన్నా, తనకి లోపల ఒక మంచి పేరు ఉందని వాడికి తెలియాలని. వాడు కళ్ళు విప్పి నా వైపు చూశాడు. అంత సంతోషం నాకు అంతకు ముందు తెలియదు.

సాయంత్రానికి వాడి ఒళ్ళు కాలిపోయింది.

అమ్మ పాలివ్వబోతే పట్టలేదు. నాన్న మగ్గం మీది నుంచి లేచి సైకిలు వేసుకుని కంకిపాడు పోయి డాక్టరుగారిని తీసుకొచ్చాడు. ఆయన చుక్కల మందు ఇచ్చి, రెండు రోజులు చూడాలన్నారు. నాయనమ్మ మాటిమాటికీ, “ఎవరైనా పేరుపెట్టి పిలిచారటే?” అని అడుగుతోంది. నేను తల అడ్డంగా ఊపాను. నా వైపు ఎవరూ చూడలేదు, అయినా అందరికీ తెలిసిపోయిందనే అనిపించింది. నోరు విప్పితే ఆ పేరు మళ్ళీ బయటపడుతుందేమోనని మర్నాడు అసలు మాట్లాడలేదు. పిలిస్తే పలకలేదు, అన్నం పెడితే తినలేదు. మనసులో అనుకున్నా మృత్యువుకి వినబడుతుందేమో అని ఇంకో భయం. ఆ పేరు గుర్తు రాకుండా ఇరుగుపొరుగు మగ్గాల చప్పుడు లెక్కపెట్టాను. నాకు లెక్క ఇరవై దాకానే వచ్చు. ఇరవై కాగానే మళ్ళీ ఒకటి. ఇరవైకీ ఒకటికీ మధ్య చిన్న సందు ఉండేది, సరిగ్గా ఆ సందులోంచి ఆ పేరు దూరి వచ్చేసేది.

పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ నన్ను చూసింది. ఏమీ అడగకుండా చెయ్యిపట్టుకుని తన గేదెల పాకలోకి తీసుకుపోయి, గడ్డిమోపు మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. “ఏం చేశావే?” అంది. తిట్టినట్టు అనలేదు. నేను వెక్కుతూ చెప్పేశాను. పేరు చెప్పలేదు, పిలిచానని మాత్రం చెప్పాను.

“ఎవర్ని పిలిచావు?”

“తమ్ముణ్ణి.”

“నీకు తమ్ముడెక్కడున్నాడే?”

నేను మా ఇంటి వైపు వేలు చూపించాను.

“చేటెడు తవుడు పోసి కొనుక్కున్నాను. మీ నాయనమ్మ వంకపెట్టకుండా పుచ్చుకుంది, నువ్వక్కడే నిలబడి చూశావుగా. మీ ఇంట్లో ఉన్నది నా కొడుకు. నా కొడుక్కి నేనింకా పేరే పెట్టలేదు. నువ్వు మీ తమ్ముణ్ణి పిలుచుకున్నావు, వాడు లేనే లేడు. లేనివాణ్ణి పిలిస్తే ఎవరికి తగులుద్దే?”

నాకు షావుకారు గారి కొడుకు గుర్తొచ్చాడు. మరి ఆ పేరుగల పిల్లాడు బెజవాడలో ఒకడున్నాడు, వాడికేమైనా అవుతుందా అని అడిగాను. “పెద్దవాడేగా? ఈపాటికి వాడి పేరు పిలిచి పిలిచి అరిగిపోయుంటదిలే. వాడికేం కాదు” అంది. తర్వాత నా మొహం కొంగుతో తుడిచి, “జ్వరం సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. వాడి తల్లిని నేను. భయపడాల్సింది నేను పడతాను. నువ్వు పోయి అన్నం తిను” అంది.

భయం అంతా పోయిందని చెప్పను. ఊపిరి ఆడింది. ఇంటికి పోయి అన్నం తిన్నాను. మూడో రోజు మధ్యాహ్నం వాడు పాలు పట్టాడు. అమ్మ గోడవైపు తిరిగి చప్పుడు కాకుండా ఏడ్చింది.

బారసాలనాడు పెద్దమ్మ వాణ్ణి తవుడయ్య అని గట్టిగా పిలిచింది. వీధి పిల్లలు నన్ను చూసి కళ్ళెగరేస్తున్నారు. ఆవిడ వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని పాకలోకి పోయింది. పిల్లాణ్ణి పెద్ద గేదె ముందు ఎత్తిపట్టుకుని, “ఇదిగోనే, వీడే తవుడయ్య. బాగా చూసుకో. వీడి జోలికొచ్చావంటే సంతకి తోలేస్తాను” అంది. గేదె మూతి చాచి వాసన చూసి గట్టిగా తుమ్మింది. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వకూడదనుకుంటూనే నేనూ నవ్వాను. “ఇంకేమున్నయ్‌రా మీ దగ్గర? కుడితి మాట ఎవడిది? రా, వచ్చి నా ముందు అను” అంది పెద్దమ్మ. అన్నవాడు ఇంకొకడి వెనక నక్కాడు.

వాణ్ణి ఆ తర్వాత ఎవరూ ఏడిపించలేదంటే అబద్ధం. బడిలో ఏడిపించారు, చొక్కా చింపుకుని వచ్చిన రోజులున్నాయి. మాస్టారు పేరు మారుద్దామంటే అమ్మ భయపడి ఒప్పుకోలేదు. పెద్దయ్యాక వాడే వద్దన్నాడు. ఎవరైనా గేదె మాట ఎత్తితే, “అది నాకు నెల నిండకముందే అయిపోయిందిలే, కొత్తదేమన్నా ఉంటే చెప్పు” అనేవాడు. ఇప్పుడు వాడి తల ముగ్గుబుట్టయింది. వన్ టౌన్‌లో చీరల వ్యాపారం. నలుగురూ తవుడయ్యగారండీ అనే పిలుస్తారు.

మొన్న గన్నవరంలో నా మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఫోన్‌లో వెతికి వెతికి ఒక పేరు పట్టింది, అలాంటి పేరు నేను పుట్టి ఎరగను. మొగుడికీ నచ్చింది. ఇప్పుడు మనవరాలికే తిండి సయించడం లేదు. “అమ్మమ్మా, స్కూల్లో ఏడిపిస్తారేమో, పెద్దయ్యాక నన్ను తిట్టుకుంటదేమో” అంటుంది. వాళ్ళమ్మ, “ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారే, ఊరికే టెన్షన్ పడకు” అని కసురుతోంది. నేను అలా అనలేను. పేరుకీ జ్వరానికీ సంబంధం ఏమిటే పిచ్చిదానా అని ఆ రోజు పెద్దమ్మ అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆవిడ నా భయం దాకా వచ్చి, దాని పక్కన కూర్చుని మాట్లాడింది. అందుకని నేను మనవరాలితో, “ఏడిపిస్తారు. ఏమని ఏడిపిస్తారో ముందు మనమే అనేద్దాం పట్టు” అన్నాను. ఇద్దరం కూర్చున్నాం. పేరు తను చెప్పింది, వెక్కిరింపులు నేను కట్టాను. కాసేపు నవ్వింది, కాసేపు కళ్ళు తుడుచుకుంది. పేరు మాత్రం మార్చలేదు.

వచ్చే ఆదివారం బారసాల. పాప పాలు బాగా తాగుతోంది, డాక్టరమ్మ చూసి అంతా బాగుందంది. అయినా ఆ పేరు నా గొంతు దాటి రావడం లేదు, ఇక్కడ కూడా చెప్పను. పాప ఏడిస్తే, “ఎవరింటి పిల్లవే నువ్వు” అంటూ ఎత్తుకుంటున్నాను.