లేని చెవిపోటు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో జబ్బులన్నీ ఆడవాళ్ళకీ పిల్లలకే వచ్చేవి. మగవాళ్ళకి రానట్టే ఉండేది. అంటే, వాళ్ళకీ జ్వరాలు తగిలేవి, వలతాళ్ళు కోసుకుని అరచేతులు చీము పట్టేవి. అవన్నీ అరుగుల మీద కూర్చుని అందరికీ చెప్పుకునేవారు. కానీ నడుం కింద ఏదైనా వస్తే మాత్రం దానికి పేరుండేది కాదు. ఫలానావాడికి ఒంట్లో బాగోలేదట అని ఆడవాళ్ళు అనుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మగవాళ్ళు ఆ మాత్రం కూడా అనేవారు కాదు.

నౌపడ స్టేషన్లో దిగి, ఉప్పుమడుల గట్ల వెంట తూర్పుకి నడిస్తే సముద్రం ఒడ్డున మా ఊరు. ఇక్కడి వేట తిండికి చాలేది కాదు. అందుకని మా నాన్న ఈడు మగవాళ్ళందరూ ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవుకి పోయి పెద్ద బోట్ల మీద పనిచేసేవారు. వాళ్ళు తిరిగొచ్చే రోజుల్లో ఊరు ఊరంతా నీళ్ళు జల్లుకుని, ముగ్గులు పెట్టుకుని ఎదురుచూసేది.

ఒక ఏడాది మా పక్కింటి మావని ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని రైలు దింపారు. మావా, మా నాన్నా చిన్నప్పటి నుంచీ జోడీ. వెరావల్‌లో కూడా ఒకే బోటు, ఒకే గది. వెళ్ళేటప్పుడు భుజం మీద నన్ను కూర్చోబెట్టుకుని స్టేషన్ దాకా నడిచిన మనిషి, వచ్చేసరికి చొక్కా లోపల ఎవరూ లేనట్టున్నాడు. ఎవరో ఎయిడ్స్ అన్నారు. ఆ మాట అప్పటికి నేను బస్టాండు గోడ మీద, నల్లగా వేసిన పుర్రె బొమ్మ కింద చదివి ఉన్నాను. అంతకు మించి తెలియదు.

మావని వలలు దాచుకునే పాకలో పడుకోబెట్టారు. అత్త గంజి గిన్నె గుమ్మంలో పెట్టి వెనక్కి జరిగేది. పిల్లల్ని ఆ దిక్కుకి పోనిచ్చేవారు కారు. ఆ గాలి సోకినా అంటుకుంటుందని పెద్దవాళ్ళే చెప్పారు. గాలేమో పాక మీంచి నేరుగా మా ఇంటికే కొట్టేది. నీళ్ళకి పోవాలంటే అదే దారి. పాక కనిపించగానే ఊపిరి బిగపట్టి పరుగెత్తేదాన్ని. ఒకసారి సగం దారిలో బిందె జారి ఆగిపోయాను. ఊపిరి ఆగక, నిలబడి బలంగా గాలి పీల్చేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మావ పోయాడు. మొయ్యడానికి మనుషులు రాలేదు. ఆయన అన్నదమ్ములే ఎలాగో తీసుకుపోయారు. మర్నాడు ఆ పాకని వలలతో సహా తగలబెట్టారు. వలల్ని తగలబెట్టడం మా ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత మా నాన్న మారిపోయాడు. వెరావల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎందుకో పడవ దగ్గరే పడుకుంటున్నాడు. ఇప్పుడు తన కంచం కూడా వేరే పెట్టుకున్నాడు. తమ్ముడు ఒళ్ళోకి ఎక్కబోతే విసురుగా తోసేసి, వాడు ఏడుస్తుంటే తనూ మొహం తిప్పుకున్నాడు. అక్కడ ఇంకెవరినో మరిగాడని అమ్మ అనుకుంది. ఆయనకి నేను అక్కర్లేదు అని మామ్మ దగ్గర ఏడవడం నేను విన్నాను. నాకు మాత్రం వేరే భయం. నాన్న అన్నం తింటున్నప్పుడు ఆయన మెడకేసి చూసేదాన్ని, ఎముకలు పైకి తేలుతున్నాయేమోనని. నాన్నకి కూడా ఎక్కడో ఒక పాక కడతారని నాకు అనిపించేది.

మామ్మ అంటే నాన్నని కన్న తల్లి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పాసింజరు బండిలో ఊళ్ళు తిరిగేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు పొద్దున్నే పడవ దగ్గరికి పోయి, వల బాగుచేస్తున్న నాన్న ఎదురుగా కూర్చుంది. ఎండెక్కినా లేవలేదు. నాన్న కసిరాడు, తిట్టాడు, లేచి నీళ్ళలోకి పోయి మళ్ళీ వచ్చాడు. ఆవిడ అక్కడే ఉంది. చివరికి చెప్పాడు.

ఏం చెప్పాడో నేను పెద్దదాన్నయ్యాక మామ్మే చెప్పింది. వెరావల్‌లో ఉండగా నాన్నకి పుండ్లు లేచాయి. రేవు పక్క గదిలో ఎవడో సూదిమందు వేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. ఊరికొచ్చాక మా సందులోనే ఉన్న సూదుల డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన గది వీధి మీదకే. ఆయన భార్యా మా అమ్మా కలిసి పాలకి వెళతారు. ఒకసారి బస్సెక్కి దగ్గర్లోని ఆసుపత్రికీ పోయాడట. బల్ల దగ్గర చీటీ రాసే అతను మా పక్కూరివాడు. 'ఏటి బావా, ఇలగొచ్చినావు?' అని నవ్వుతూ అడిగేసరికి, పంటి నొప్పని చెప్పి, పన్నుకి మాత్రలు తీసుకుని తిరిగొచ్చేశాడు. ఆ తర్వాత మావ పోయాడు. అప్పటినుంచి, తెలిస్తే తన పిల్లల్ని ఏ బడిలో కూర్చోనిస్తారు, రేపు నన్ను ఎవరు పెళ్ళి చేసుకుంటారు అన్న ఆలోచనతోనే నాన్న గడిపాడు. తెలియకుండా చచ్చిపోతే నయమని కూడా అనుకున్నాడట.

మామ్మ నాన్నతో ఏమందో తెలియదు. నాతో మాత్రం, నీ చెవి నొప్పి పెడుతోంది అని చెప్పింది. నొప్పి లేదన్నాను. ఉంది అంది. కొబ్బరినూనెలో తడిపిన దూది ఉండ నా కుడి చెవిలో పెట్టి, ఎవరడిగినా ఏడవమంది. గుంటకి, అంటే నాకు, చెవి కారుతోందని, విజయనగరంలో మంచి డాక్టరున్నాడని, తనూ కొడుకూ కలిసి చూపించుకొస్తామని వీధి వీధంతా వినేలా చెప్పింది.

పాసింజరు బండిలో మాకు ఎదురుగా, చేపల బేరం చేసే పొరుగూరి ఆవిడ ఎక్కి కూర్చుంది. మామ్మకి బాగా తెలిసినావిడే. నా చెవి చూసింది, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, నాన్న వైపూ చూసింది.

'సెవికి ఇజీనగరమేటప్పా? ఈ పక్కనే నరసన్నపేటలో డాకటేరు నేడేటి?'

మామ్మ నా చెవిలో దూది సర్దింది. నాన్న కిటికీ ఊచ పట్టుకున్నాడు. మొహం ఊచలకి ఆనించి బయటికి తిప్పేసుకున్నాడు. అలా ఆయన్ని చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం గుంటకి పోటు ఎక్కువగా ఉన్నట్టుంది అని ఆవిడ నన్ను ఒళ్ళోకి తీసుకుని, చీపురుపల్లిలో దిగేదాకా నా వీపు నిమురుతూనే ఉంది. ఆవిడ దిగిపోయాక కూడా నాన్న ఊచ వదల్లేదు.

ఆసుపత్రిలో మేం చెవుల గది వైపు పోలేదు. వెనక వైపు, బట్టలు ఉతికే చోటు పక్కన, పొడుగాటి వరండాకి నన్ను తీసుకుపోయారు. అక్కడ అందరూ మగవాళ్ళే. వరసలో నిలబడి కూడా ఎవరి మొహం వాళ్ళు గోడకి తిప్పుకున్నారు. కొందరు తువ్వాలు తల మీంచి కప్పుకున్నారు. బల్ల దగ్గర కూర్చున్నతను, వచ్చినవాళ్ళని ఏ ఊరు, ఏం బాధ, ఎక్కడ తగిలించుకున్నావు అని గట్టిగా అడుగుతున్నాడు. మీసాలు సరిగా రాని ఒక కుర్రాడు, ఆ ప్రశ్నకి నోరు తెరవలేక, చీటీ అక్కడే వదిలేసి మా పక్కనుంచి వెళ్ళిపోయాడు.

నాన్న కూడా అతని వెనకే బయటికి మళ్ళాడు. వెళ్ళిపోదాం అమ్మా, అన్నాడు.

మామ్మ గొంతు పెంచలేదు. 'ఎల్తే ఎల్లు. నానూ గుంటా ఈడే ఉంటాం. పిలిస్తే నానే లోపలికెల్లి, నా కొడుక్కి ఏటైనాదో నానే సెప్తాను,' అంది.

నాన్న నిజంగానే నడిచాడు. మామ్మ కూడా నిజంగానే నా చెయ్యి పట్టుకుని ఆ మగవాళ్ళ వరసలో చివర నిలబడింది. ముందున్నవాళ్ళు తిరిగి చూసి, తలలు ఇంకా కిందికి దించేసుకున్నారు. మామ్మ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. ఆవిడకీ భయమేస్తోందని అప్పుడు తెలిసింది నాకు.

అంతలో ఎదుటి గోడ మీద బొమ్మ కనబడింది. బస్టాండులోని పుర్రె బొమ్మే. ఒక్కసారిగా అంతా అర్థమైపోయిందనుకున్నాను. చెవిపోటు లేకపోయినా నన్నెందుకు తెచ్చారో, నాన్న రైల్లో ఎందుకు మొహం తిప్పుకున్నాడో, మేం బయల్దేరేటప్పుడు అమ్మ ఎందుకు మాట్లాడలేదో. బిందె జారిన రోజున పీల్చిన గాలి నా లోపలికి పోయింది. నాకే ఆ జబ్బు వచ్చింది. మామ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని అడిగేశాను.

'మామ్మా, నాను ఆ గాలి పీల్చీసినాను. నన్ను కూడా పాకలో ఎట్టీస్తారేటి?'

ఎంత గట్టిగా అన్నానో తెలియదు కానీ, వరండా చివరిదాకా పోయిన నాన్నకి వినబడింది. ఆయన వెనక్కి వచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నెలల తర్వాత అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి. నా చెవిలోంచి దూది తీసి పారేశాడు.

'నీకేటీ నేదమ్మా. నీ సెవి బాగున్నాది, నువ్వూ బాగున్నావు. నాకే బాగోనేదు. నా కోసమే వచ్చినాం ఈడికి.'

వరసలోవాళ్ళంతా విన్నారు. బల్ల దగ్గరతను కూడా రాయడం ఆపాడు. ఎవరూ నవ్వలేదు. మా ముందు నిలబడ్డ పెద్దాయన తల మీది తువ్వాలు తీసి, దులిపి, గచ్చు మీద పరిచి, కూర్చోమని మామ్మకి సైగ చేశాడు. ఆవిడ కూర్చుంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నాన్న మా పక్కన, గోడకి కాదు, మా వైపు తిరిగి నిలబడ్డాడు.

పిలిచినప్పుడు నాన్న ఒక్కడే లోపలికి పోయాడు. డాక్టరు తలుపు వేయించి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడట. ఆ కుర్చీ మాట నాన్న ముసలితనంలో కూడా చెబుతుంటాడు. అడగాల్సినవన్నీ మెల్లగా అడిగాడట. మా ఇంటి మీద ఉన్న భయమంతా ఆ పూటతో పోలేదు. పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చాక, మళ్ళీ వెళ్ళేదాకా ఉన్న రోజులు అన్నిటికంటే పాడు రోజులు. పొయ్యి మీద అన్నం మాడినా ఎవరూ లేచేవారు కారు. రెండోసారి అమ్మని కూడా తీసుకెళ్ళారు. పుండ్లు మందులతో తగ్గిపోతాయన్నారు. కానీ మావకి వచ్చిన జబ్బు నాన్నకీ ఉందన్నారు. అమ్మ రక్తం కూడా చూశారు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూశారు. అమ్మకి లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన దూరంగా పడుకోవడం ఆమెని కాపాడిందని, ఇక మీదట నిరోధ్ లేకుండా కలవకూడదని, కలిసి తిన్నా, పిల్లల్ని ఎత్తుకున్నా ఎవరికీ అంటుకోదని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మ నాన్న కంచాన్ని మా కంచాల మధ్యలో పెట్టింది. తమ్ముణ్ణి తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టింది. కానీ చాలా కాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన్ని క్షమించిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఊరికి మాత్రం నా చెవే చెప్పాం. నాన్న విజయనగరం వెళ్ళినప్పుడల్లా నా చెవి కారింది. బడిలో నన్ను చెవిటిదని పిలిచేవారు. పెళ్ళీడొచ్చాక ఒక సంబంధం చెవుడుందని వెనక్కి పోయింది. ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. కొన్నేళ్ళకి ఆయన బాగా చిక్కిపోయి, మేమంతా ఆశ వదులుకున్న సమయంలో, సర్కారు వాళ్ళు ఆ జబ్బుకి మాత్రలు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే ఆయన పేరు ఆసుపత్రిలో ఉంది కాబట్టి మొదటి వాళ్ళలోనే అందాయి. నాన్న నిలబడ్డాడు. ఇప్పటికీ ఒడ్డున కూర్చుని వలలు అల్లుతున్నాడు. మామ్మ ఆ మాత్రలు చూడకుండానే పోయింది.

ఇప్పుడు నాకూ మనవరాలుంది. గోడల మీద పుర్రె బొమ్మలు లేవు. పరీక్షలు చేసే బండి మా ఊరి మొదటికే వస్తుంది, పేరు బయట పెట్టరు. అయినా ఆ బండి వచ్చిన రోజున మా మగవాళ్ళకి అందరికీ సముద్రం మీద పని పడుతుంది. నా కొడుకు కూడా వెరావల్ వెళ్ళాడు. బయల్దేరే ముందు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, తల్లి కొడుక్కి చెప్పని మాటలన్నీ చెప్పాను. వాడు నేలకేసి చూస్తూ విన్నాడు.

మొన్న వాడు ఫోన్ చేశాడు. ఒంట్లో ఎలా ఉందంటే బాగానే ఉందన్నాడు. ఆ 'బాగానే' నాకు నచ్చలేదు. ఏమీ అనకుండా ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. వాడూ పెట్టెయ్యలేదు. చాలాసేపటికి, 'రేపు ఆసుపత్రికెల్తానమ్మా,' అన్నాడు.

తోడు ఎవరొస్తున్నారని అడిగాను. ఎవరూ లేరన్నాడు.

మర్నాడు పొద్దున్న వాడు అక్కడి ఆసుపత్రిలో వరసలో నిలబడి ఫోన్ చేశాడు. పెట్టెయ్యకుండా జేబులో వేసుకోమన్నాను. ఇక్కడ పొయ్యి వెలిగించకుండా, గడప మీద కూర్చుని, నాకు తెలియని భాషలో ఎవరెవరో మాట్లాడుకోవడం, ఎవరినో పిలవడం వింటూ ఉన్నాను. వాడి పేరు పిలిచేదాకా ఫోను దించలేదు.