వెళ్ళొస్తామనకూడని వార్డు

గోడ అవతల పక్కింటి పసివాడు దగ్గుతున్నాడు. ఊపిరి తిప్పుకోకుండా దగ్గి దగ్గి, చివర గాలి లోపలికి లాక్కునేటప్పుడు కూతలాంటి చప్పుడు. కోరింత దగ్గు. డాక్టరుకు చూపించారు, మందు పడుతోంది, తగ్గుతుంది. కానీ ఆ కూత చెవిన పడగానే నా చేతిలో పని ఆగిపోయింది. నా బతుకులో మంచి భాగమంతా ఆ చప్పుడు మధ్యనే గడిచింది. లలితాంబ మేడమ్‌ని చూసింది అక్కడే.

మీరెవరూ ఆవిడని ఎరగరు. రాజమండ్రిలో ఒక ధర్మాసుపత్రిలో, అంటురోగాల పిల్లల వార్డుకు పెద్ద డాక్టరు. నేను ఆ వార్డు ఆయాని. తొంభైల చివర, రెండు వేల మొదట్లో మాట. మిగతా వార్డుల్లో చుట్టాలు క్యారియర్లు పట్టుకుని తిరిగేవారు. మా వైపు ఎవరూ తొంగి చూసేవారు కాదు. ఆవిడ ఇంటికీ అంతే. కోనసీమలో వైదిక కుటుంబం, బోలెడు బలగం. అయినా పసిపిల్లలున్న ఇళ్ళకు, బారసాలలకు ఆవిడని పిలవడం మానేశారు. పిలిచినా ఆవిడే వెళ్ళేవారు కాదు. "నా చీరకొంగుకు ఏం అంటుకుని ఉందో నాకే తెలీదు సత్తెమ్మా" అని నవ్వేవారు. మధ్యాహ్నం తన గదిలో గోడకేసి తిరిగి కూర్చుని, ఒక్కరే పెరుగన్నం తినేవారు.

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. గదుల తలుపుల మీద జబ్బుల పేర్లు రాసి ఉండేవి. ప్రతిదీ ఆవిడనే అడిగేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, "ఎన్నిసార్లు అడుగుతావే, చదువుకో" అన్నారు.

"మనవలొచ్చే వయసులో చదువేంటండి?"

"వయసు నీకొచ్చింది గాని అక్షరాలకి రాలేదుగా" అని సుద్దముక్క చేతిలో పెట్టారు. మా బడిలో అ అంటే అమ్మ కాదు. ఆ అంటే ఆటలమ్మ, క అంటే కంఠసర్పి, గ అంటే గవదబిళ్ళలు. అలా నేర్చుకున్న చదువు కనుకనే నా రాత మొరటుగా ఉంటుంది. సర్దుకోండి.

ఆ వార్డుకు ఆవిడ పెట్టిన రూలు ఒకటుండేది. మన వైపు గడప దాటేవాళ్ళు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. ఒట్టి 'వెళ్తాను' అశుభం. ఒకసారి ఓ ముసలావిడ, జబ్బు తగ్గిన మనవణ్ణి చంకనేసుకుని, "వెళ్ళొస్తామండి డాక్టరమ్మగారూ" అంది.

"రావద్దు. వెళ్ళండి" అన్నారు మేడమ్.

"అదేం మాటండీ! దండం పెట్టి చెప్తుంటే తోలేస్తారేంటండి?"

"ఇక్కడికి వస్తాననడమే అశుభం మామ్మగారూ. 'వెళ్తున్నాం' అనండి. అనేదాకా మా సత్తెమ్మ తలుపు తియ్యదు."

"వెళ్తున్నామండి బాబూ, వెళ్తున్నాం! ఇంకోసారి జబ్బు చేస్తే ఇంకో ఆసుపత్రికే పోతాం!"

వార్డంతా నవ్వింది.

పిల్లల వైద్యం చదివేశాక, అంటురోగాల కోసమే మరో రెండేళ్ళు మేడమ్ దగ్గర నేర్చుకునే చదువొకటి ఉండేది. ఫెలోషిప్ అనేవారు. షిప్ అంటున్నారు కదా, పట్టిసీమ వెళ్ళే లాంచీ లాంటిదేమో అనుకున్నాను. లాంచీయే నయం, జనమన్నా ఉంటారు. ఈ చదువుకు వచ్చేవాళ్ళే తక్కువ, వచ్చినా సగంలో పోయేవారు. చివరిదాకా నిలిచింది మాధవి ఒక్కతే. రావులపాలెంలో అరటిపళ్ళ వ్యాపారి కూతురు.

జ్వరంతో కొత్త పిల్లాడు రాగానే మాధవి చెయ్యి పెన్ను మీదికి పోయేది.

"పెన్ను మూయి. స్టూలు లాక్కో" అనేవారు మేడమ్.

"యాంటీబయాటిక్ మొదలుపెడదామని మేడమ్..."

"వాడి జబ్బుకా, నీ భయానికా?"

మాధవి దొరికిపోయినట్టు నవ్వి స్టూలు మీద కూర్చునేది. మందు కావలసినవాడికి మేడమ్ క్షణం ఆలస్యం చేసేవారు కాదు. అక్కర్లేనివాడి దగ్గర మాత్రం అలా కూర్చోబెట్టి, ఊపిరి చూడమనేవారు, తల్లితో మాట్లాడమనేవారు. ఆ రెండేళ్ళూ ఆవిడ గోడకేసి తిరిగి అన్నం తినలేదు.

మాధవి తండ్రి అప్పుడప్పుడు తాడు కట్టిన అరటిగెలతో దిగేవాడు. "మా అమ్మాయిని ఎప్పుడు వదుల్తారండి? సెంటర్లో క్లినిక్కుకి గది కూడా చూసేశానండి" అనేవాడు.

"నేనేం కట్టెయ్యలేదండి. తాడు మీ చేతిలోనే ఉంది" అనేవారు మేడమ్.

మాధవి చదువైపోయే ఏడే మేడమ్ రిటైరవుతున్నారు. తర్వాత నడిపే డాక్టరు లేకపోతే వార్డు మూసేస్తామని కమిటీవాళ్ళు తేల్చి చెప్పారు. నడపగలిగింది మాధవి ఒక్కతే.

"నోరు తెరిచి ఉండమ్మా అని అడగండి" అన్నాను నేను.

"అడిగితే ఉండిపోతుందే. అందుకే అడగను."

"ఇదెక్కడి న్యాయమండి?"

"నన్ను చూడు సత్తెమ్మా. ఈ బతుకు ఇంకో పిల్లకి అంటించమంటావా?"

చదువైపోయిన రోజు మాధవి వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. గుమ్మం దాకా పోయి, "వెళ్తున్నాను మేడమ్" అంది. "మంచిది" అన్నారు ఆవిడ. ఆ పిల్ల ఇంకాసేపు అక్కడే నిలబడింది. మేడమ్ బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టారు. మళ్ళీ తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

సాయంత్రం టీ ముట్టకుండానే అడిగారు. "రూలు ప్రకారం అందంటావా సత్తెమ్మా, నిజంగానే అందంటావా?"

"ఎలా అంటే ఏంటండి? వెళ్ళిపోయింది."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

వార్డు మూసేశారు. ఆ గదుల్లో మందుల పెట్టెలు పేర్చారు. మేడమ్ అమలాపురంలో ఒక చిన్న వాటాలో ఒంటరిగా ఉండి, కొన్నేళ్ళకు పోయారు. కర్మలన్నీ అయిపోయాక గాని నాకు కబురందలేదు.

ఆ తర్వాత ఎప్పుడో నిడదవోలు స్టేషన్లో మాధవి కనబడింది. సొంత క్లినిక్కు బాగానే నడుస్తోందట. మేడమ్ పోయారని చెప్తే బెంచీ మీద కూలబడింది.

"ఆ రోజు రూలు ప్రకారమే అన్నానండి సత్తెమ్మగారూ. ఉండమంటారేమోనని గుమ్మంలో నిలబడ్డాను. ఒక్క మాటంటే నాన్నతో పోట్లాడైనా ఉండేదాన్ని. నేను పనికిరాననుకున్నారేమో అనుకున్నాను."

"ఉండిపోతావనే అడగలేదమ్మా" అన్నాను.

మాధవి ఎక్కాల్సిన రైలు వచ్చింది, ఆగింది, పోయింది. తను లేవలేదు.

మేడమ్ నాకు చాలా ఇచ్చారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆవిడ చలవే. కానీ నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఆవిడ చెయ్యని పనిని. ఇప్పుడు నా దగ్గర కూర్చున్నవాళ్ళు లేస్తే, ఇంకాసేపు ఉండమని అడుగుతాను. మొహమాటపడను. "పనుంది పిన్నీ" అని చాలామంది వెళ్ళిపోతారు. పోనీ. నేను అడగలేదని మాత్రం ఎవరూ గుమ్మంలో నిలబడిపోకూడదు.