కుండల దగ్గర కూర్చున్న పెద్దబాపు

మొన్న బుధవారం మా పెద్దబాపు పోయాడు. నేను చేవెళ్ల బడిలో పాఠం చెబుతుంటే సురంగల్ నుంచి బస్సులో వచ్చిన మా ఊరాయన ఒకరు గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, మీ పెద్దబాపు లేడు. పొద్దుగాల పాలు తాగి పండుకున్నోడు మల్ల లేవలే" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. అన్నకు ఈ మాట ఎవరు చెబుతారన్న బెంగ మొదట పట్టుకుంది. ఎలక్షన్ నాటినుంచి అన్న ఆయనతో మాట్లాడడం లేదు.

పెద్దబాపు మా బాపుకు అన్న. పిల్లల్లేరు. మా అన్నను నడక రాని వయసు నుంచి ఆయనే సాకాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆయన మొదటి మాట "తిన్నవా?" అనే. కొట్లాడడానికి వచ్చినవాళ్లను కూడా ముందు అదే అడిగేవాడు, దాంతో వాళ్ల కోపం సగం చల్లారేది. ఓటు వేసే రోజు మాత్రం పెళ్లికి పోతున్నట్టు గడ్డం గీసుకుని, ఆదివారం చర్చికి తొడుక్కునే తెల్లంగీ తొడుక్కునేవాడు.

మా చర్చిలో సంఘపెద్దలను గింజలతో ఎన్నుకుంటాం. తెర వెనుక పోటీలో ఉన్న ఇద్దరికి రెండు కుండలుంటాయి, గుర్తుకు ఒకదాని మెడకు సున్నపు చార ఉంటుంది. తలా ఒక జొన్నగింజ తీసుకుని లోపలికి పోయి, నచ్చిన మనిషి కుండలో వేసి రావాలి. తెర బయట గింజలిచ్చే పని పెద్దబాపుది. లెక్క తేలగానే రెండు కుండల గింజలూ ఒక్క చేటలో కలిపేసి కోళ్లకు చల్లేవాడు. ఎవరు ఎటు వేశారన్న ముచ్చట ఆ కోళ్లతోనే పోవాలనేవాడు.

అరవై తొమ్మిదిలో అన్న పట్నంలో చదువుకుంటున్నాడు. తెలంగాణ ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్నాడు, జైలుకు పోయాడు, చదువులో ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. కుంటుకుంటూ ఇంటికొచ్చిన రోజు మా బాపు గోడకు ఆనుకుని ఏడ్చాడు. పెద్దబాపు మాత్రం వేడినీళ్లు కాచి, "జర కాలు చాపు బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత అసెంబ్లీ ఎలక్షన్ వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నవాళ్ల తరఫున నిలబడతామని మా దిక్కున ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు మా అన్న, ఇంకొకరు మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు వైపు ఒక పెద్ద రైతు. ఇద్దరూ నిలబడితే ఓట్లు చీలుతాయని, మా చర్చి పద్ధతిలోనే కుండలు పెట్టి ఒకరిని ఎంచుకుందామనుకున్నారు. గింజలిచ్చే పని పెద్దబాపుకే అప్పగించారు. ఆ రోజు మావాళ్లతోపాటు, అంతకుముందు దాకా పాలక పార్టీ జెండా మోసినవాళ్లు కూడా గుంపుగా వచ్చారు. మేమూ ఇటే వచ్చేశామన్నారు.

"వాళ్లను పంపియ్యి పెద్దబాపూ. మోసం జేస్తందుకు వచ్చిన్రు" అన్నాడు అన్న.

"ఎందుకొచ్చిండో వాని కడుపుల జొచ్చి చూస్తమారా? చర్చిల వచ్చినోన్ని ఎన్నడన్న ఎల్లగొట్టినమా?" అని పెద్దబాపు వాళ్లకూ తలా ఒక గింజ ఇచ్చాడు. చర్చి వేరు, రాజకీయం వేరు అని ఆయనకు తోచలేదు. ఇప్పటికీ నాకు ఆ విషయంలో ఆయన మీద కోపమే.

అన్న కొద్ది గింజల తేడాతో ఓడిపోయాడు. గెలిచిన రైతు అసలు ఎలక్షన్‌లో ఓడిపోయాడు. ఇక మొయినాబాద్ హోటళ్లలో, చేవెళ్ల బస్సుల్లో ఒకటే ముచ్చట. అటునుంచి దాటొచ్చినవాళ్లే బలహీనుడిని ఎంచిపెట్టి, పని కాగానే తిరిగి అటు పోయారని కొందరు. వాళ్లు రాకపోయినా అంతేనని కొందరు. విని విని నా ప్రాణం విసిగిపోయింది. అన్న మాత్రం ఇంటికొచ్చి, "నా బతుకు తీసుకపోయి వాళ్ల చేతుల పెట్టినవ్" అన్నాడు. పెద్దబాపు "తిన్నవా?" అన్నాడు. అన్న పెట్టె సర్దుకుని పట్నం పోయాడు.

నిజంగా దాటొచ్చినవాళ్లే ఓడించారా అని ఒకసారి పెద్దబాపును అడిగాను. "దాటొచ్చినోళ్లు అందరికీ కనవడ్తరు బిడ్డా. కదలకుంట ఉన్నోళ్లు ఏం జేసిన్రో ఎవ్వరు జూస్తరు?" అన్నాడు. అలసిపోయి ఆడిన మాట అనుకున్నాను. అప్పటికే ఆయన చర్చిలో కుండల పని మానుకున్నాడు. రోడ్డు మీద బస్సు చప్పుడైతే మాత్రం తల ఎత్తి చూసేవాడు.

కబురు అంది గురువారం సమాధి దగ్గరికి అన్న వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేశాం. అన్న కూడా వంగి మట్టి తీసుకున్నాడు. అప్పుడు మా బాపు పోయి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"దాటొచ్చినోళ్లు ఎటేసిన్రో నాకు తెల్వదు కొడుకా. మనోళ్ల గింజలు మాత్రం నేను చెప్పబట్టే ఆ రైతు కుండల వడ్డయి. ఇంటింటికి దిరిగి కాళ్లు మొక్కిన. నిన్ను మల్ల జైల్ల చూడలేక జేసిన."

అన్న ముఖం నల్లబడింది. "పెద్దబాపుకు తెల్సా?"

"అదే దినం తెల్సింది. నీకు చెప్త అంటే చెప్పనియ్యలే. 'నన్ను తిడితే తిట్టనీ. నువ్వు వాని తండ్రివి, నిన్ను తిడితే వానికి ఇల్లే ఉండదు' అన్నడు."

మట్టి పూడ్చేవాళ్లు పారలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎండ ఎక్కుతోంది. అన్న గుంత అంచున కూర్చుని "పెద్దబాపూ" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఇక వెయ్యమని పాస్టరుగారు మెల్లగా భుజం తట్టారు. అన్న పిడికిలి విప్పలేదు.