బీరపాదు, మౌన సమ్మతి

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో నేను పోటీ పరీక్షలవాళ్లకు రాజనీతిశాస్త్రం చెబుతాను. జ్ఞానం, హక్కులు, ప్రభుత్వం గురించి జీవితమంతా ఆలోచించిన ఒక ఇంగ్లీషు తత్వవేత్త అక్కడ కొన్ని బిట్లు, అంతే. పుట్టినప్పుడు మనసు ఖాళీ కాగితం, అనుభవమే దానిమీద రాస్తుంది. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి సహజ హక్కులు. ప్రజల సమ్మతి లేని ప్రభుత్వం చెల్లదు. ఎందుకు అని అడిగినవాడు ఇంతవరకు లేడు. సరైన జవాబు ఏదో చెబితే చాలు, రాసుకుని పెన్నులు మూసేస్తారు.

నేనుండేది కర్మన్‌ఘాట్‌లో, కిరాయి ఫ్లాట్‌లో. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు మా తాతగారి భూమి హైవే దాకా ఉండేది. నాన్న హయాంలో కోర్టుల పాలైంది. అయినా నేను ఎవరి ముందూ తల వంచలేదు. అపార్ట్‌మెంట్ మేడమీద అందరూ చెత్త పారేసే మూలను నేనే శుభ్రం చేశాను. నీలం డ్రమ్ములు సగానికి కోయించి, బాటసింగారం మార్కెట్‌లో కుళ్లిన బత్తాయిలు మోసుకొచ్చి ఎరువు చేసి, బీరపాదు పెంచాను. మా వంశంలో మట్టి పట్టిన మొదటి చేతులు నావే.

అసోసియేషన్ మీటింగ్ సెల్లార్లో. ఓనర్లకు ప్లాస్టిక్ కుర్చీలు. కిరాయివాళ్లం బైకుల దగ్గర నిలబడాలి. వినవచ్చు, చెయ్యెత్తకూడదు. అధ్యక్షుడు కోస్తా నుంచి వచ్చి హార్డ్‌వేర్ కొట్టుతో స్థిరపడ్డవాడు.

"మాస్టారూ, ఆదివారంకల్లా ఆ డ్రమ్ములు తీయించెయ్యండి. బర్త్‌డేలకి షెడ్డు వేస్తున్నామండీ."

"ఎవరిని అడిగి?"

"ఓనర్లనండీ. మేడ ఓనర్లందరిదీ కదా!"

ఆ తత్వవేత్త చెప్పినట్టు, ఎవరికీ పట్టని చోట మనిషి తన శ్రమ కలిపితే అది అతనిదవుతుందనీ, ప్రభుత్వం ఉన్నది దాన్ని కాపాడటానికే గానీ లాక్కోవడానికి కాదనీ వివరించాను. ముందు కుర్చీలో ఒకాయన ఆవలించాడు. ఇన్నేళ్ల అనుభవం తరువాత కూడా ఖాళీగానే మిగిలిన కాగితాలు అక్కడ వరసగా కూర్చుని ఉన్నాయి.

నా పక్కన నిలబడ్డ కింది ఫ్లాటు నర్సు నవ్వింది. ఆమె కూడా కిరాయికే ఉంటుంది. వాళ్లదీ మా తాతగారి ఊరే.

"గట్లయితె సార్, మీ తాత భూమి మా తాతదే గదా! దున్నింది మావోళ్లే."

సెల్లారంతా గొల్లున నవ్వింది.

"వాళ్లు ఒప్పుకునే దున్నారమ్మా."

"ఎవలు అడిగిన్రు సార్? ఊర్ల ఉన్నరంటె ఒప్పుకున్నట్టే అనుకున్నరు మీవోళ్లు."

అధ్యక్షుడు వెంటనే అందుకున్నాడు. "నేను చెప్పేదీ అదేనండీ. ఇక్కడ ఉంటున్నారంటే రూల్సు ఒప్పుకున్నట్టే. లేదంటే ఎల్‌బీ నగర్లో బోలెడు టులెట్ బోర్డులు!"

ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అది అతని సొంత మాట కూడా కాదు. ఒక రాజ్యంలో బాటమీద నడిచినా ఆ చట్టాలకు ఒప్పుకున్నట్టేనని, దాన్నే మౌన సమ్మతి అంటారని, నేను ఏటా బోర్డుమీద రాసేదే. అంతటి ఇంగ్లీషు తత్వవేత్తా చివరికి తన ఆయుధాన్ని హార్డ్‌వేర్ కొట్టువాడి చేతికిచ్చి పోయాడు. ఆ బాట తప్ప ఏమీ లేనివాడు ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పలేదు.

ఆదివారం వాచ్‌మన్‌ను ముట్టుకోనివ్వలేదు. డ్రమ్ములు నేనే దింపాను. పిందెలతో ఉన్న పెద్ద తీగ మెట్లమీద తెగింది. నర్సు ఎదురొచ్చింది.

"ఒక డ్రమ్ము నాకియ్యుండ్రి సార్. కిటికీ కింద పెట్టుకొని నీళ్లు పోస్త."

"పోస్తే నీదేనమ్మా," అన్నాను.

మర్నాడు క్లాసులో ఒకమ్మాయి లేచింది. "సార్, మౌన సమ్మతి మీద బిట్ ఒస్తదా?"

"వస్తుంది. రాసుకోండి."

రాసుకున్నారు. పెన్నులు మూసేశారు.