నాలుగో టేబులు

పెంచలకృష్ణ డిగ్రీ చదివి, నెల్లూరులో కంప్యూటర్ కోర్సు చేసి, సముద్రం వాసన తగిలేంత దూరంలో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో రిపోర్టులు తీసే ఉద్యోగం సంపాదించినాడు. గజిబిజిగా పడి ఉన్న సమస్త లోకాన్నీ గుంపులు కట్టి వరసలో నిలబెట్టడం ఆ ఉద్యోగధర్మం. సాఫ్ట్‌వేరులో గ్రూపు అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు పెడితే లెక్క మనిషివారీగా విడిపోతుంది, తేదీ పెడితే తేదీవారీగా. అవి చాలనివాళ్లు సొంతంగా ఒక సూత్రం రాసుకోవచ్చు. దాన్ని ఎక్స్‌ప్రెషన్ అంటారు. బ్రహ్మ నుదుట రాసేదీ ఇలాంటిదేనని పెంచలకృష్ణ అనుమానం. కాకపోతే పాపం, బ్రహ్మకు ప్రివ్యూ చూసుకునే సౌకర్యం లేదు.

అతణ్ణి పెంచింది పెద్దమ్మ పిచ్చమ్మ. అదే ఫ్యాక్టరీలో ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తుంది. అతని చదువు గట్టెక్కింది ఆ చేతుల మీదే. ఇప్పుడా వేళ్లు వంకర్లు పోయి, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికే మొరాయిస్తున్నాయి. మానెయ్యమంటే వినదు.

"మానేసి నీ మొహం చూస్తా కూచోమంటావా అబ్బయా? అదేమన్నా టీవీనా?"

నాలుగో టేబులు చుట్టూ నిలబడే ఆడవాళ్లే ఆమెకు చుట్టాలూ పక్కాలూ. ఆ చోటు పోతే ఆమెకింకో చోటు లేదు.

ఆర్డర్లు తగ్గినాయి. మేనేజరు నరేంద్రబాబు పిలిచినాడు.

"కృష్ణా, తూకం లెక్కలు ఉన్నాయి గదా. గంటకి ఇన్ని కిలోలని ఒక గీత పెట్టు. తలలు తీసేవాళ్లలో పైనున్నోళ్లు ఒక గ్రూపు, కిందున్నోళ్లు ఒక గ్రూపు."

"కింద గ్రూపు ఏమవద్ది సార్?"

"ఇంటికి పోద్ది. ఇంకేడికి పోద్ది?"

పెంచలకృష్ణ సీట్లో కూర్చున్నాడు. కళ్ల ముందు పెద్దమ్మ వేళ్లే. అడుగున ఎవరి పేరుంటుందో రిపోర్టు తీయకుండానే తెలిసిపోయింది. జన్మలో మొదటిసారి ప్రివ్యూ నొక్కడానికి చెయ్యి రాలేదు. సూత్రంలో మనిషి పేరు చెరిపి, టేబులు నంబరు పెట్టినాడు. చెరువులో కలిసిన చెంబెడు నీళ్లను ఎవరు గుర్తుపడతారు?

నరేంద్రబాబు కాగితం చూసినాడు. "పేర్లేవి?"

"టేబుళ్లవారీగా అయితే తేలిగ్గా ఉంటదని, సార్."

మేనేజరు ముఖం వికసించింది. "నిజమే. పేర్లు పెడితే పేరుపేరునా వచ్చి ఏడుస్తారు. టేబులు ఏడవదు." అని అన్నిటికంటే అడుగున ఉన్న టేబులును కొట్టేసినాడు. అది నాలుగోది.

"సార్, మనిషివారీగా ఇంకోటి తీసిస్తాను."

"ఎందుకు? ఇదే బాగుంది. నెలనెలా ఇట్లానే తియ్యి."

వెనక్కి వచ్చి, తీయాల్సిన రిపోర్టు అప్పుడు తీసినాడు పెంచలకృష్ణ. గీత కింద నాలుగో టేబులువాళ్లు ఒక్కరూ లేరు. పిచ్చమ్మ కూడా లేదు. టేబులు టేబులంతా గీతకు వెంట్రుకవాసి పైన నిలబడి ఉంది.

ఇంటికిపోయి పెద్దమ్మనే అడిగినాడు.

"తూకానికి పొయ్యేముందు ట్రేలు చూసుకుంటాం అబ్బయా. ఎవురిది తగ్గితే వాళ్లకి తలా పిడికెడు యేస్తాం. మా టేబుల్లో ఫ్లోరా కడుపుతో ఉన్నప్పుడు దానికి యేసినాం, ఇప్పుడు నాకు యేస్తన్నారు. మాలో ఎవురూ ముందుకు పోరు, ఎవురూ ఎనకబడరు."

ఎవరూ ముందుకు పోని టేబులు, టేబుళ్ల వరసలో అడుగునే ఉంటుంది. తక్కిన టేబుళ్లలో నిదానస్తుల లెక్క చురుకైనవాళ్ల లెక్కలో కలిసిపోయింది. పెంచలకృష్ణ పెద్దమ్మ కోసం తవ్విన చెరువులో వాళ్లందరూ ఒడ్డెక్కినారు.

చేసిందంతా చెప్పినాడు. పిచ్చమ్మ ఆ వంకర వేళ్లతో కంచం పక్కకు నెట్టింది.

"అందరినీనా?" అంది. "ఫ్లోరా బిడ్డకి ఇంకా పాలు కూడా మాన్పించలేదు. నన్నొక్కదాన్ని తీసేస్తే పోయేది గదా అబ్బయా."

నెల తిరిగింది. నాలుగో టేబులు లేని రిపోర్టు వచ్చింది. పెంచలకృష్ణ ఈసారి ముందే ప్రివ్యూ నొక్కి చూసుకున్నాడు. అడుగున రెండో టేబులు ఉంది. ఏదో ఒకటి ఉండాలి గదా.